ఎన్నారై సందేహాలు: ఈజార్ ఒడ్డున తిరిగే సైకిల్‌కి ఎంత ఖర్చు పెట్టాలి?

ప్రశ్న: అన్నా, మాది కడప. మ్యూనిక్ వచ్చి ఐదు నెలలైంది. ఆదివారమైతే మా ఆఫీసోళ్ళు కంకర దారిలో పోయే గ్రావెల్ సైకిళ్ళు ఎక్కి ఈజార్ నది వెంబడి పోతాండారు. నాకూ పోవాలనుంది. షాపులో 2,400 యూరోలు చెప్పినారు. అంత పెట్టలేకపోతే కంపెనీ లీజు తీసుకొమ్మంటాండారు. తీసుకోనా?

జవాబు: ఇప్పుడే వద్దు తమ్ముడూ. లీజంటే సాధారణంగా 36 నెలలు. నెలనెలా జీతంలోంచి పోతుంది కాబట్టి బరువు తెలీదు. నడుమ ఉద్యోగం మారితే ఆ ఒప్పందం మెడకు చుట్టుకుంటుంది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకు చాలా కంపెనీలు అసలే ఇవ్వవు. ఉద్యోగం మీద వీసా, వీసా మీద ఇల్లు నిలబడి ఉన్న మొదటి రెండేళ్ళలో మూడేళ్ళ బాకీ ఏదీ పెట్టుకోవద్దు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే నీకు చెప్తున్నా.

సెకండ్ హ్యాండ్‌లో ట్రెక్కింగ్ సైకిల్ చూడు. 300, 400 యూరోలకు మంచిది దొరుకుతుంది. కొనేముందు ఫ్రేము సందులో 40 మిల్లీమీటర్ల టైరు పడుతుందా, డిస్క్ బ్రేకులున్నాయా, ఈ రెండూ చూస్తే చాలు. బ్రాండు తర్వాత. ఫ్రేము సైజు దగ్గరే మనవాళ్ళు మోసపోతారు. ఇక్కడి మగవాళ్ళు పొడుగు, పాత సైకిళ్ళలో 56, 58 సెంటీమీటర్ల సైజులే ఎక్కువ కనిపిస్తాయి. చవగ్గా వస్తోందని అది కొంటే చేతులు చాచి చాచి మెడ పట్టేస్తుంది, సీటు ఎంత దించినా లాభముండదు. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి కాళ్ళ సందు నుంచి నేలదాకా కొలువు. దాన్ని 0.66తో గుణించు. 78 సెంటీమీటర్లుంటే దాదాపు 52 వస్తుంది. 54 దాకా సర్దుకోవచ్చు, అంతకు మించి వద్దు. బిల్లు లేని సైకిల్, ఫ్రేము నంబరు గీకేసిన సైకిల్ ఎంత చవకైనా ముట్టుకోవద్దు.

మిగిలిన డబ్బు టైర్లకు పెట్టు. 40 మిల్లీమీటర్ల గ్రావెల్ టైర్లు జత 80 నుంచి 100 యూరోలు. నేను మొదట్లో చేసిన పెద్ద తప్పు గాలి దగ్గరే. మనూళ్ళో టైరు రాయిలా ఉంటేనే గాలి సరిపోయినట్టు, వెనక క్యారియర్ మీద బస్తా వేయాలి కాబట్టి. ఆ లెక్కన కంకర దారిలో 4 బార్లు (గాలి ఒత్తిడికి ఇక్కడి కొలత) కొడితే ప్రతి గులకరాయీ సైకిల్‌ని ఎగరేస్తుంది, అరగంటకే అరచేతులు తిమ్మిరెక్కుతాయి, మలుపులో ముందు చక్రం జారుతుంది. టైరు పక్కన రాసి ఉండేది గరిష్ఠం, అంత కొట్టమని కాదు. 70 కిలోల మనిషికి, ట్యూబున్న 40 మిల్లీమీటర్ల టైర్లకు ముందు 2.5 బార్లు, వెనక 2.8 చాలు. అంటే 36, 41 పీఎస్ఐ. ఇంకా తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. ట్యూబ్‌లెస్ అయితే 2.2 దాకా దించొచ్చు. అయితే ఒక్కో టైరులో చిల్లులు పూడ్చే పాలలాంటి ద్రవం 60 మిల్లీలీటర్లు పోయాలి, మూడు నెలలకోసారి ఎండిందేమో చూసుకోవాలి. మొదటి ఏడాది ట్యూబే మేలు.

ఇక్కడి వాల్వు కూడా మనది కాదు. సన్నగా పొడుగ్గా ఉండే ప్రెస్టా వాల్వుకి పైన చిన్న మర ఉంటుంది. దాన్ని విప్పి, వేలితో ఒకసారి నొక్కి, గాలి బుస్సుమన్నాకే పంపు తగిలించాలి. తీసేటప్పుడు నిటారుగా లాగు. పక్కకు వంచి లాగితే ఆ సన్నటి కడ్డీ విరుగుతుంది, ట్యూబు పోయినట్టే. అనంతపురం, కడప దారుల్లో పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు పడ్డవాళ్ళం కనుక టైరు లోపల మందపాటి పట్టీలు వేయించబుద్ధి అవుతుంది. ఇక్కడ అక్కర్లేదు, సైకిల్ బరువెక్కడం తప్ప. చూసుకోవాల్సింది వారాంతం మరునాడు నది ఒడ్డున పగిలిన గాజు సీసాలని. ఒక ట్యూబు, రెండు ప్లాస్టిక్ లీవర్లు, చిన్న పంపు ఎప్పుడూ సంచిలో ఉండాలి.

ఈజార్ కంకర ఆల్ప్స్ నుంచి కొట్టుకొచ్చిన సున్నపురాయి. ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ము చూసినవాడివి, నీకు వేరే చెప్పాలా? ఎండలో తెల్లటి పొడి, వానలో తడి సున్నం. అది గొలుసుకు పట్టుకుని నూనెతో కలిస్తే ఆకురాయి పనిచేస్తుంది. తడి రైడ్ నుంచి రాగానే బకెట్టు నీళ్ళు, మెత్తటి బ్రష్షుతో కడుగు. పెట్రోలు బంకులో ప్రెషర్ పంపుతో కొడితే బేరింగుల్లోకి నీళ్ళు పోతాయి. పాత గుడ్డలో గొలుసు పట్టుకుని పెడలు వెనక్కి తిప్పుతూ తుడిచి ఆరనివ్వు, తర్వాత లోపలివైపు నుంచి ఒక్కో లింకుకు ఒక్కో చుక్క నూనె. పది నిమిషాలాగి పైనున్నదంతా తుడిచేయాలి, నూనె లోపల రోలర్లకు కావాలి గానీ పైకి కాదు. స్ప్రే మాత్రం వాడొద్దు. తుంపర డిస్కు మీద పడితే బ్రేకు కీచుమంటుంది, పట్టదు, ప్యాడ్లు మార్చాల్సిందే. గొలుసు సాగుదల కొలిచే పరికరం పది యూరోలు. సాగుదల 0.5 శాతం దాటగానే గొలుసు మారిస్తే 25, 30 యూరోలతో పోతుంది. బద్ధకిస్తే వెనక పళ్ళ చక్రాలు కూడా అరిగి దానికి మూడింతలవుతుంది. బ్రేకు ప్యాడ్ల మందం, వెనక రేకు కాకుండా, అర మిల్లీమీటరుకు వస్తే మార్చేయాలి. ఈ తడి సున్నంలో అవి నువ్వనుకున్న దానికన్నా తొందరగా అరుగుతాయి.

మొదటిసారి ఉత్తరానికి పో. ఇంగ్లీష్ గార్డెన్ దాటి, నది వెంబడి ఫ్రైజింగ్ దాకా 35 కిలోమీటర్లు. చదునైన కంకర దారి, పక్కన చెట్లు, కార్లుండవు. అలసిపోతే నడుమ ఇస్మానింగ్‌లో ఎస్-8 లోకల్ రైలు, గార్హింగ్‌లో యూ-6 మెట్రో అందుతాయి, చివర్న ఫ్రైజింగ్ నుంచి ఎస్-1లో వెనక్కి రావచ్చు. తుంగభద్ర గట్టునో కేసీ కాలువ గట్టునో సైకిల్ తొక్కినోడికి ఈ దారి తేలిగ్గానే ఉంటుంది. రెండోసారి పెర్లాఖర్ అడవి. గీత గీసినట్టుండే అటవీ దారులు, డైజన్‌హోఫెన్ దగ్గర ఎస్-3. దక్షిణాన షెఫ్ట్‌లార్న్ మఠం మీదుగా వోల్ఫ్‌రాట్స్‌హౌజెన్ పోవడం మూడో నెలకు పెట్టుకో. అక్కడ నది లోయలో, ఎస్-7 స్టేషన్లు చాలావరకు పైన గట్టు మీద. చక్రం పోతే సైకిల్ నెట్టుకుంటూ ఎక్కాలి. వేర్లతో నిండిన సన్నటి బాటలు మౌంటెన్ సైకిళ్ళవాళ్ళవి, వాటిలోకి దిగొద్దు.

ఆ దక్షిణపు దారిలో పుప్లింగర్ ఔ అనే చోట గులకరాళ్ళ దిబ్బలు కనిపిస్తాయి. వసంతంలో, వేసవిలో పక్షులు ఆ రాళ్ళ మధ్యే గుడ్లు పెడతాయి, గుడ్డు రాయిలాగే ఉంటుంది. అంతరించిందనుకున్న కలివికోడి పిట్ట 1986లో మళ్ళీ కనబడ్డ జిల్లావాడివి, బోర్డు కట్టిన చోట అడుగు పెట్టకూడదని నీకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

రూల్స్ ఎక్కడైనా చదువుకోవచ్చు, ముఖ్యమైనవి చెప్తా. బోర్డు మీద ఎర్ర అంచు తెల్ల వృత్తం ఖాళీగా ఉంటే సైకిలూ పోరాదు, దిగి నడిపించుకోవాలి. అందులో కారు, మోటారు సైకిల్ బొమ్మలుంటే ఆ దారి నీకుంది. అడవిలో నడిచేవాళ్ళదే ముందు. చెట్లు కొడుతున్నామని అడ్డంగా బ్యానరు కడితే ఆదివారమైనా దాటొద్దు. గంట, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాలి, డిసెంబరులో నాలుగూ ఇరవైకే పొద్దు గూకుతుంది. పనిరోజుల్లో రద్దీ వేళ రైల్లోకి సైకిల్ రానివ్వరు, మిగతా వేళల్లో సైకిల్‌కి వేరే టికెట్. ఆకుపచ్చ బోర్డు మీద తెల్ల శిలువ, కింద నంబరు ఉంటే అది అంబులెన్సు వచ్చే చోటు. 112కి ఫోన్ చేసి ఆ నంబరు చెప్తే చాలు.

పిడుదు పురుగుల్ని తేలిగ్గా తీసుకోవద్దు. అవి కుట్టడం వల్ల వచ్చే మెదడువాపుకు మూడు డోసుల టీకా ఉంది, ఇన్సూరెన్సు ఇస్తుంది. లైమ్ జబ్బుకు అదీ లేదు. ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, గజ్జల్లో, చంకల్లో చూసుకో. కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి నిదానంగా పైకి లాగాలి, నూనె పోయొద్దు.

ఆదివారం అంగళ్ళు మూసుంటాయి. శనివారమే చూసుకో. బెల్లం చెనక్కాయ ఉండలు నాలుగు, నీళ్ళు లీటరున్నర, ముప్పావు గంటకోసారి ఒక ముక్క. ఆకలేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. దారిలో తినుబండారాలకు పెట్టే పది యూరోలు వారం వారం లెక్కవేస్తే ఏడాదికి మంచి తాళం, హెల్మెట్, టైర్లు వస్తాయి. తాళానికి సైకిల్ ధరలో పదోవంతైనా పెట్టు. చక్రానికి కాకుండా ఫ్రేముకు వేసి కదలని కమ్మీకి కట్టు. రాత్రికి మెట్ల కిందో సెల్లార్‌లోనో పెట్టినా తాళం వేసే పెట్టు. బిల్లు, ఫ్రేము నంబరు ఫోటో తీసి మెయిల్లో వేసుకో, పోయినరోజు పోలీసులు మొదట అడిగేవి ఆ రెండే.