సెరిఫ్ (అక్షరాల గీతల చివర చిన్న అడ్డగీతలుండే) ఫాంట్‌లో ఇంగ్లిష్ క్యాపిటల్ ‘ఎ’, ‘వి’, ‘ఎక్స్’ గీసేటప్పుడు ఏ వాలు గీత లావుగా ఉండాలి?

ఎడమ పైనుంచి కుడి కిందికి దిగే గీత లావు, ఎదురు వాలుది సన్నం. అందుకే ‘ఎ’లో కుడి కాలు లావు, ‘వి’లో ఎడమది. వెడల్పు పాళీని ఏటవాలుగా పట్టి కుడిచేత్తో రాస్తే సహజంగా వచ్చే తేడా ఇది. రోమ్‌లో క్రీ.శ. 113 నాటి ట్రాజన్ స్తంభం శాసనంలోనూ చూడొచ్చు. ‘జడ్’ మాత్రం మినహాయింపు: ఎదురు వాలే అయినా లావే.

అసలు కష్టం ‘ఎక్స్’తోనే. సన్న గీతను స్కేలు పెట్టి తిన్నగా లాగితే, లావు గీతను దాటేచోట విరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని రెండు ముక్కలు చేసి, కంటికి ఒకే గీతగా అనిపించేదాకా కొద్దికొద్దిగా జరపండి. ఇక్కడ కొలతల కంటే కన్నునే నమ్మాలి. ‘ఎ’ పై కొన మిగతా అక్షరాల కంటే కాస్త పైకి, ‘వి’ కింది మొన కాస్త కిందికి దాటాలి, లేకపోతే పొట్టిగా కనిపిస్తాయి.