టేకు లావెక్కాలంటే సగం చెట్లు తీసేయాల్సిందే

ప్రశ్న: రెండెకరాల ఎర్ర చెల్కలో తొమ్మిదేళ్ల కింద 6 × 6 అడుగుల ఎడంలో టేకు పెట్టాను. నాలుగేళ్లు బాగా పెరిగింది. ఇప్పుడు 30 అడుగుల ఎత్తుంది కానీ చుట్టుకొలత 13 అంగుళాలు దాటడం లేదు. వానాకాలం చివర్లో ఆకులు జల్లెడలా అవుతున్నాయి, దీపావళికే రాలుతున్నాయి. మందుల దుకాణంలో పురుగుమందు, బూస్టర్ గుళికలు ఇచ్చారు. రెండేళ్లు వాడినా ఫలితం లేదు. బోరు నీళ్లు పెట్టాలా? గాలికి పడిన చెట్టు మొదలు కోసి ఫొటో పంపుతున్నాను.
– ఒక రైతు, నర్సంపేట ప్రాంతం, వరంగల్ జిల్లా

జవాబు: మీ తోటకు తెగులు లేదు. చెట్లు ఎక్కువయ్యాయి, అంతే. మీరు పంపిన ఫొటోలోనే జవాబుంది. కోసిన మొదలు మీద నడిమి నుంచి, ఏడాదికి ఒకటి చొప్పున పడే వలయాలు లెక్కపెట్టండి. మొదటి నాలుగూ ఒక్కోటి సుమారు సెంటీమీటరు వెడల్పున్నాయి. ఐదోది అందులో సగం. చివరి మూడూ కలిపినా అర సెంటీమీటరు లేవు. అంటే ఐదో ఏట కొమ్మలు ఒకదానికొకటి తగిలాయి, అప్పుడే పలచన చేయాల్సింది.

టేకు నీడను ఓర్వదు. ఒత్తుగా ఉంటే కింది ఆకులు ఎండి, నెత్తిన మాత్రమే పచ్చదనం మిగులుతుంది. ఒత్తు వల్ల ఎత్తు పెద్దగా తగ్గదు, దెబ్బంతా చుట్టుకొలత మీదే పడుతుంది.

ఇక నీళ్ల సంగతి. మీ ఎడంలో ఎకరాకు 1,210 చెట్లు. చెల్క నేల పట్టుకునే కాస్త తేమను ఇన్ని చెట్లు పంచుకుంటే వానలు ఆగిన కొద్ది వారాలకే వేళ్ల దగ్గర తడి అయిపోతుంది. చెట్టు నీళ్లు ఆదా చేసుకోవడానికి ఆకు రాలుస్తుంది, దాంతో ఆ ఏటి లావు అక్కడికి ఆగిపోతుంది. పలచన చేస్తే ఆకుల మీదే ఆరిపోయే వాన కొంత నేలకు దిగుతుంది. మిగిలిన ఒక్కో చెట్టు మునుపటికన్నా ఎక్కువే తాగుతుంది, అయినా తోట మొత్తం వాడకం తగ్గి, తడి మరికొన్ని వారాలు నిలుస్తుంది. కొమ్మలు మళ్లీ కలిసేదాకే ఈ లాభం. పలచన చేస్తే బోరులో నీళ్లు పెరుగుతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. చెట్లు తీయకుండా బోరు నీళ్లు పెడితే ఆ నీళ్లనూ 1,210 చెట్లు పంచుకుంటాయి. వాటిని మిరప లాంటి పంటకు పెట్టుకోండి.

ఆకు జల్లెడ కావడానికి కారణం ఈనెలు వదిలి పచ్చదనం గీకి తినే గొంగళిపురుగు. ఎలాగూ రాలబోయే ఆకును అది తింటే చెట్టుకు పెద్ద నష్టం లేదు. 30 అడుగుల చెట్టు మీద మందు కొడితే సగం గాలిలో పోతుంది, పురుగును తినే పిట్టలకూ పరాన్నజీవులకూ ముప్పు. తోటలో అడుగుపెట్టకుండా, మొదలు కోసి చూడకుండా డబ్బా చేతిలో పెట్టేవాళ్ల మాట దయచేసి వినకండి. ఆ రెండేళ్ల ఖర్చు కూలీలకు పెట్టి ఉంటే ఈపాటికి పలచన అయిపోయేది.

చెట్లు ఆకుతో ఉన్నప్పుడే, సెప్టెంబరులో, తీసేవాటికి సున్నం గుర్తు పెట్టండి. ఆకు రాలాక ఏది అణగారిందో తెలియదు. ఐమూలగా ఒక వరుస ఉంచి ఒక వరుస తీస్తే ఎకరాకు 605 మిగులుతాయి, ఎడం ఎనిమిదిన్నర అడుగులవుతుంది. తీసే వరుసలో మంచి చెట్టుండి, పక్కనే ఉంచే వరుసలో వంకరదో రెండు తలలదో ఉంటే మార్చుకోండి. గాలి వచ్చే వైపు అంచున రెండు వరుసలు ఒత్తుగానే వదలండి. కోత జనవరి, ఫిబ్రవరిలో. ఒకేసారి ఎకరాకు 300 చెట్లకు దింపొద్దు. ఇన్నాళ్లు ఒకదాని ఆసరాతో ఒకటి నిలబడ్డ సన్నటి చెట్లు ఏప్రిల్, మే గాలులకు వంగిపోతాయి, ఎండ తగిలిన మానుల నిండా నీటి కొమ్మలు, అంటే మాను మీదే కొత్తగా మొలిచే సన్న కొమ్మలు, పుడతాయి. 300కు తేవడం మూడు నాలుగేళ్ల తర్వాత.

చాలామంది తప్పేది కోత తర్వాతే. టేకు మోడు ఊరుకోదు, తొలకరికి గుత్తులుగా చిగురిస్తుంది. వదిలేస్తే మీరు మిగిల్చిన తడిని అవే తాగేస్తాయి. నేలకు బెత్తెడు ఎత్తులో కోసి, జూన్, ఆగస్టు, అక్టోబరులో మూడుసార్లు చిగుళ్లు విరిచేయండి. నిలిచిన చెట్ల మాను మీద పుట్టే నీటి కొమ్మలను వేలి లావు కాకముందే, ముక్క మిగలకుండా తీసేయండి.

రాలిన ఆకు తగలబెట్టకండి. టేకాకు మీద పోగైన వాన పెద్ద చుక్కలుగా పడి, ఖాళీ నేలను కొట్టి మట్టిని కోసేస్తుంది. కింద ఆకుపొర ఉంటే ఆ నీళ్లు ఇంకుతాయి. నిప్పు భయానికి తోట చుట్టూ ఆరడుగుల బాట చెక్కితే చాలు.

తీసిన చెట్లు వాసాలకు, పందిరి గుంజలకు పోతాయి. అయితే పట్టా భూమిలోనిదైనా టేకు కొట్టడానికీ తరలించడానికీ అటవీ శాఖ అనుమతి కావాలి. పాస్‌బుక్కు నకలు, చెట్ల లెక్కతో రేంజ్ కార్యాలయానికి అక్టోబరులోనే వెళ్లండి.

కోతకు ముందే, ఉంచే చెట్లలో 20 ఎంచి, నాలుగున్నర అడుగుల ఎత్తులో రంగు గీత పెట్టి ఏటా జనవరిలో అక్కడే టేపుతో కొలిచి రాసుకోండి. కొలత మళ్లీ మందగించి, కొమ్మలు కలుస్తున్నాయంటే రెండో విడతకు గుర్తులు పెట్టే వేళ అయినట్టే.