కాలేజీ క్లబ్బులో చేరితే నిజంగా ఏం జరుగుతుంది?

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో క్లబ్బుల్లో చేరడం వల్ల ఉపయోగం ఉందా అన్నది ప్రశ్న. ఉంది, కానీ పరిచయ సభలో చూపించేది ఒకటి, చేరాక చేయవలసినది మరొకటి.

రోబోటిక్స్ క్లబ్బులో చేరిన కొత్త విద్యార్థికి తొలి నెలల్లో సాధారణంగా దక్కేది రోబో కాదు. పోస్టర్లు అంటించడం, కుర్చీలు సర్దడం, ఫెస్టు స్పాన్సర్‌షిప్ కోసం దుకాణాల చుట్టూ, కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరగడం. ఈ తిరుగుడును నేను తక్కువ చేయను, ఎందుకంటే ముఖపరిచయం లేనివారిని డబ్బు అడిగి, కాదనిపించుకుని, మరునాడు మరో గుమ్మం ఎక్కడం ఏ సిలబస్‌లోనూ లేని విద్య.

క్లబ్బు పదవుల ఎంపికకు ఇంటర్వ్యూలు జరిపినా, ఒకే హాస్టల్, ఒకే బ్రాంచి అన్న పరిచయాలు తరచుగా ముందే తీర్పు చెప్పేస్తాయి.

అసలు చిక్కు హాజరుతో వస్తుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. తగిన కారణం చూపితే హాజరు 65 శాతం దాకా తగ్గినా మినహాయింపు దొరకవచ్చు. ఫెస్టు పనికి హాజరు వేయిస్తామని సీనియర్లు నోటిమాటగా చెప్పినప్పుడు, అధ్యాపకుని సంతకంతో కూడిన లేఖ అడగడం మర్యాదకు లోపమేమీ కాదు.

ధ్రువపత్రమే లక్ష్యమైతే 1969లో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) మేలు: రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం అని లెక్క ముందే తెలిసి ఉంటుంది.