నాఫ్‌సిలిన్‌తో చెయ్యి మంట, పొటాషియం తగ్గుదల

ఎంఎస్‌ఎస్‌ఏ (మెథిసిలిన్‌కు లొంగే స్టాఫ్ ఆరియస్ బ్యాక్టీరియా) రక్త ఇన్ఫెక్షన్‌కు నాఫ్‌సిలిన్ అనే పెన్సిలిన్ రకం యాంటీబయాటిక్ 2 గ్రాములు 4 గంటలకోసారి ఇస్తుంటే చెయ్యి మండుతోంది, పొటాషియం పడిపోతోంది అన్నారు. రెండూ ఈ మందు వల్లే కావచ్చండి.

ప్రతి డోసూ 30–60 నిమిషాల పాటు ఎక్కించండి. సూది దగ్గర వాపు కనిపిస్తే తక్షణం ఆపేయండి. మందు సిర బయటికి కారితే అక్కడి కణజాలం చచ్చిపోవచ్చు, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. వారాల కోర్సుకు సెంట్రల్ లైనే (గుండె దగ్గరి పెద్ద సిరలోకి వేసే గొట్టం) మేలు.

ఈ మందు మూత్రంలోకి వెళ్తూ పొటాషియాన్ని లాక్కుపోతుంది. భర్తీ చేస్తున్నా నిలవకపోతే రక్తంలో మెగ్నీషియం చూడండి, అది తక్కువైతే పొటాషియం నిలవదు. అయినా లొంగకపోతే సెఫాజోలిన్ అనే మరో యాంటీబయాటిక్‌కు మారడం గురించి ఇన్ఫెక్షన్ నిపుణులతో మాట్లాడండి. సెఫాజోలిన్ మెదడులోకి సరిగా చేరదు కాబట్టి మెదడుకు ఇన్ఫెక్షన్ పాకలేదని ముందు తేల్చుకోవాలి. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఉంటే నాఫ్‌సిలిన్ వల్ల ఐఎన్‌ఆర్ (ఆ మందు ప్రభావాన్ని చూపే రక్తపరీక్ష) తగ్గుతుంది, తరచూ చూడాలి.

కల్చర్‌లో (రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) ఎంఆర్‌ఎస్‌ఏ, అంటే మెథిసిలిన్‌కు లొంగని రకం వస్తే మాత్రం నాఫ్‌సిలిన్ ఎంత పెంచినా పనిచేయదు.