డాట్ క్యాసెట్లు కంప్యూటర్‌లోకి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సవర గూడేల్లో ఇరవై ఐదేళ్ల కిందట పాడించి రికార్డు చేసిన డాట్ (డిజిటల్ ఆడియో టేపు) క్యాసెట్లు పదకొండు ఉన్నాయి. డెక్ తిరుగుతోంది. దాని హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్ మైక్ రంధ్రానికి వైరు వేసి ఎక్కిస్తే గుయ్‌మని మోత, గొంతులు పగిలిపోతున్నాయి. ఎడిటింగ్‌కి పనికొచ్చేలా ఎలా ఎక్కించాలి?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ముందు ఆ వైరు తీసేయండి. మైక్ రంధ్రం చాలా చిన్న సిగ్నల్ కోసం చేసినది. హెడ్‌ఫోన్ నుంచి వచ్చే పెద్ద సిగ్నల్‌ను అది మళ్లీ పెంచుతుంది, అందుకే గొంతు పగులుతోంది. మోత చాలావరకు ఛార్జర్ ఎర్త్ దారిన వస్తుంది. అసలు డాట్ టేపు మీద ఉన్నవి అంకెలు. 16 బిట్లు, సెకనుకు 48,000 గానీ 44,100 గానీ 32,000 గానీ శాంపిళ్లు, అంటే శబ్దం కొలతలు. వాటిని శబ్దంగా మార్చి, ఆ శబ్దాన్ని మళ్లీ అంకెలుగా మార్చే పని మనకెందుకు? అంకెలను అంకెలుగానే దించుకుందాం.

డెక్ వెనక డిజిటల్ అవుట్ ఉంటుంది. ఇళ్లలో వాడే డెక్‌లకు ఆర్‌సీఏ పిన్నో, చిన్న మూత ఉన్న చదరపు ఆప్టికల్ రంధ్రమో ఉంటుంది. స్టూడియో డెక్‌లకు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఉంటుంది. మీకు కావలసింది ఎస్‌పీడిఫ్ (S/PDIF, ఆడియో అంకెలను మోసే పద్ధతి) ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే ఆ అంకెలను కంప్యూటర్‌కు అందించే డబ్బా. చాలామంది మోసపోయేది ఇక్కడే. కంప్యూటర్ మదర్‌బోర్డుల మీద ఉండే ఆప్టికల్ రంధ్రం చాలావాటిలో అవుట్‌పుట్ మాత్రమే. బజారులో చవగ్గా దొరికే చిన్న డబ్బాలు ఆప్టికల్‌ను తీసుకుంటాయి గానీ శబ్దంగా మార్చి బయటికి పంపుతాయి, కంప్యూటర్‌కు అంకెలు ఇవ్వవు. కొన్ని ఇంటర్‌ఫేస్‌లలో ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్నా అది ఎనిమిది ఛానళ్ల అడాట్ (ADAT) అనే వేరే పద్ధతికి మాత్రమే. రంధ్రం చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటుంది. కొనేముందు మాన్యువల్‌లో ఎస్‌పీడిఫ్ ఇన్‌పుట్ అన్న మాట కళ్లారా చూసుకోండి.

ఆర్‌సీఏ అయితే 75 ఓమ్‌ల కేబుల్ కావాలి. పాత డీవీడీ ప్లేయర్‌తో వచ్చిన పసుపు వీడియో వైరు సరిపోతుంది. ఎరుపు, తెలుపు ఆడియో వైర్లు పొడవైన కొద్దీ తంటా తెస్తాయి. మీటరు, మీటరున్నర చాలు. ఆప్టికల్ అయితే కేబుల్ రెండు కొసలకూ ఉండే చిన్న ప్లాస్టిక్ టోపీలు తీశారో లేదో చూడండి. డెక్ ఆన్ చేశాక రెండో కొసన ఎర్రటి వెలుగు కనబడితే లైను బాగున్నట్టే.

ఇక అసలు కిటుకు క్లాకు, అంటే శాంపిళ్ల వేగాన్ని నడిపే గడియారం. డెక్ తన గడియారంతో సెకనుకు 48,000 పంపుతుంది, ఇంటర్‌ఫేస్ తన గడియారంతో 48,000 తీసుకుంటుంది. రెండు గడియారాలు ఎన్నడూ అచ్చంగా కలవవు. పది లక్షలకు ఇరవై పాళ్ల తేడా ఉన్నా సెకనుకు దాదాపు ఒక శాంపిల్ ఎక్కువో తక్కువో అవుతుంది, అదే లెక్కగా వినిపించే టిక్ టిక్. టేపు పాడైందని చాలామంది బెంగపడేది దీనికే. ఇంటర్‌ఫేస్ సెట్టింగ్‌లో క్లాక్ సోర్స్‌ను ఇంటర్నల్ నుంచి ఎస్‌పీడిఫ్‌కు మార్చండి, లాక్ అని చూపించాలి. సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్టు రేటు కూడా డెక్ చూపించే రేటే ఉండాలి. 48,000 టేపును 44,100 ప్రాజెక్టులో పట్టుకుంటే గంట పాట 65 నిమిషాలు దాటి సాగుతుంది, శ్రుతి ఒకటిన్నర సెమీటోన్ మేర దిగిపోతుంది. ఒకే క్యాసెట్‌లో సగం 48, సగం లాంగ్‌ప్లేలో (ఎక్కువసేపు పట్టేలా నెమ్మదిగా తిప్పి చేసిన రికార్డింగ్‌లో) 32 వేలు ఉండడమూ మామూలే. రేటు మారినచోట లాక్ తెగుతుంది, ఆపి కొత్త ఫైలు మొదలుపెట్టండి.

విండోస్‌లో సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్లు తీసేయండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్ అయితే ఆడియో డ్రైవర్‌గా ఏసియో (ASIO), ఆడాసిటీ అయితే వాసాపీ (WASAPI) ఎంచుకోండి. ఆడాసిటీ వాడితే 16 బిట్ల వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేముందు ప్రిఫరెన్సుల్లో డిథర్‌ను (కావాలని కలిపే సన్నటి రొదను) ‘నన్’ (None) చేయాలి, లేకపోతే అసలు అంకెల మీద సన్నటి రవ్వ చల్లినట్టవుతుంది. 48,000 దగ్గర నిమిషానికి పదకొండున్నర ఎంబీ, గంటకు దాదాపు 691 ఎంబీ పడుతుంది. క్యాసెట్ ఎంతసేపో ఎక్కడమూ అంతసేపే. డెక్‌నూ కంప్యూటర్‌నూ యూపీఎస్ మీద పెట్టండి, ఎందుకంటే మధ్యలో కరెంటు పోతే టేపు డెక్ లోపల హెడ్‌లతో తిరిగే డ్రమ్ముకు చుట్టుకునే ఉండిపోతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో చెవితో తేల్చలేం. అదే క్యాసెట్‌ను రెండుసార్లు ఎక్కించి, రెండు ఫైళ్లనూ శాంపిల్‌కు శాంపిల్ కలిపి, ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి (తలకిందులు చేసి) మిక్స్ చేయండి. పూర్తి నిశ్శబ్దం వస్తే రెండూ ఒకటే. ఎక్కడైనా చిటుక్కుమంటే అక్కడ డెక్ టేపును చదవలేక అంచనాతో పూడ్చిందన్నమాట. ఆ ముక్క కోసం మాత్రమే మళ్లీ ప్రయత్నించండి.

ప్రశ్న: గోపాల్‌పూర్ ఉప్పుగాలికి ఏమో, డాట్ క్యాసెట్ల కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లగా పొడిలా ఉంది. ఆల్కహాల్ దూదితో హెడ్ తుడిచి పెట్టేయొచ్చా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: పెట్టకండమ్మా. ఆ తెలుపు బూజు. ఒక్క బూజు క్యాసెట్ డెక్‌లోకి వెళితే తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ అంటుతుంది. వాటిని విడిగా, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ఎండలో పెట్టొద్దు. శుభ్రం చేసే పని టేపుల పునరుద్ధరణ తెలిసిన వాళ్లకే వదలాలి.

దూదిపుల్ల మాట మరిచిపోండి. డాట్ డ్రమ్ము 30 మిల్లీమీటర్ల వ్యాసంతో నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంది. దాని చీలికలో ఉండే హెడ్ మొనలు గోటి అంచంత కూడా ఉండవు. దూది పోగు తగులుకుంటే విరుగుతాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన షామీ తోలు ముక్కను డ్రమ్ముకు ఆనించి కదపకుండా పట్టుకోవాలి, డ్రమ్మునే వేలితో మెల్లగా తిప్పాలి. తోలును కిందికీ పైకీ మాత్రం రుద్దకూడదు. పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వండి.

బూజు లేని క్యాసెట్లయినా ఏళ్ల తరబడి కదలకుండా ఉన్నవాటిని ముందు చివరిదాకా ఒకసారి ఫాస్ట్ ఫార్వర్డ్, ఒకసారి రివైండ్ చేసి, ఆ తర్వాతే ప్లే నొక్కండి. పొరలు విడివడతాయి, బిగువు సమమవుతుంది. డెక్ కూడా చాలాకాలం మూలన పడి ఉంటే మొదట పనికిరాని క్యాసెట్ పెట్టి, బయటికి సవ్యంగా వస్తుందో చూసుకోండి. వానాకాలంలో ఏసీ గదిలోంచి తెచ్చిన డెక్ మీద తేమ పడుతుంది. డ్యూ అని చూపిస్తే గంటా రెండు గంటలు అలాగే వదిలేయండి.

ప్రశ్న: మా దగ్గరున్నది మినీ డీవీ క్యామ్‌కార్డర్ టేపు. వ్యాఖ్యానం తర్వాత డబ్ చేశాం. యూఎస్‌బీతో కలిపితే ఫొటోలే వస్తున్నాయి.
– రాయగడ

జవాబు: దానికి ఫైర్‌వైర్ అనే వేరే కనెక్షనే దారి. చాలా క్యామ్‌కార్డర్లలో యూఎస్‌బీ మెమొరీ కార్డు ఫొటోలకే. కంప్యూటర్‌కు ఫైర్‌వైర్ కార్డు వేయించి, రెండూ ఆపి ఉన్నప్పుడే కేబుల్ పెట్టండి. గంటకు సుమారు 13 జీబీ. తర్వాత డబ్ చేశారంటే అది 12 బిట్ల, 32,000 రేటు రికార్డింగ్. అందులో రెండు స్టీరియో జతలుంటాయి, మీ వ్యాఖ్యానం రెండో జతలో ఉంటుంది. చాలా సాఫ్ట్‌వేర్లు మొదటి జతనే తీసుకుంటాయి కాబట్టి ఫైలు తెరిచి రెండూ వచ్చాయో లేదో చూశాకే టేపు బీరువాలో పెట్టండి.

ప్రశ్న: డిజిటల్‌గానే ఎక్కించాను గానీ పాటలు మరీ కీచుగా ఉన్నాయి. నాయిస్ రిడక్షన్ వేస్తే సవర మాటలు తెగిపోతున్నాయి.
– గుణుపురం

జవాబు: ఇవి రెండు వేర్వేరు సంగతులు. రికార్డింగ్‌లో ఎంఫసిస్ (రికార్డు చేసేటప్పుడు పై శ్రుతులను పెంచే పద్ధతి) వాడారేమో చూడండి. ప్లే చేస్తున్నప్పుడు డెక్ డిస్‌ప్లే మీద ఆ గుర్తు వెలుగుతుంది. డెక్ శబ్దం వినిపించేటప్పుడు దాన్ని సరిచేస్తుంది, అంకెలు పంపేటప్పుడు చేయదు. సాక్స్ (SoX) అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని డీఎంఫ్ (deemph) ఆదేశం 44,100, 48,000 ఫైళ్లను సరిచేస్తుంది. ఈక్వలైజర్‌తో ఉజ్జాయింపుగా తగ్గించకండి.

ఇక మాటలు తెగడం. సవర మాటల్లో గొంతు లోపల టక్కున బిగిసి ఆగే విరుపు ఉంటుంది. ఆ విరుపు మాటకు ప్రాణం. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి చెవితో పట్టి అక్షరాల్లో పెట్టిన శబ్దాలివి. చిన్న శబ్దాలను మూసేసే నాయిస్ గేట్‌కు అది ఖాళీ జాగాలా కనబడుతుంది, దాని పక్కనున్న సన్నటి ఊపిరిని కూడా తుడిచేస్తుంది. గేట్ అసలు వాడొద్దు. నాయిస్ రిడక్షన్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి, నాయిస్ నమూనా పాట మొదలయ్యే ముందున్న గూడెం నిశ్శబ్దం నుంచే తీసుకోండి. ఇదంతా కాపీ మీదే చేయండి. టేపు నుంచి దించిన ఫైలును ముట్టుకోకుండా రెండు వేర్వేరు డిస్కుల్లో ఉంచి, ఫైలు పేరులో క్యాసెట్ నంబరు, రేటు, ఎంఫసిస్ ఉందో లేదో రాసిపెట్టండి.