తలకు దెబ్బ తగిలాక జ్ఞాపకశక్తి ఎంత మిగులుతుంది?

ప్రశ్న: రోడ్డు ప్రమాదంలో మా తమ్ముడి తలకు పెద్ద దెబ్బ తగిలి ఆరు రోజులు స్పృహలో లేడు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు, అందరినీ గుర్తుపడుతున్నాడు. కానీ పొద్దున చూడడానికి వచ్చినవాళ్ల సంగతి మధ్యాహ్నానికి గుర్తుండడం లేదు. సీటీ స్కాన్‌లో పెద్దగా ఏమీ లేదన్నారు. మరుపు ఎంతవరకు మిగిలిపోతుందో ఇప్పుడే చెప్పగలరా?
– ఒక సోదరి

జవాబు: ఇంత అని కచ్చితంగా చెప్పడం సాధ్యం కాదు కానీ, అంచనాకు అన్నిటికన్నా గట్టి ఆధారం మీరు రాసిన ఆ మరుపులోనే ఉంది. మేలుకొని మాట్లాడుతున్నా కొత్త సంగతులు మనసులో నిలవని ఈ దశను వైద్యులు పోస్ట్ ట్రామాటిక్ ఆమ్నీషియా అంటారు. దెబ్బ తగిలిన క్షణం నుంచి రోజువారీ జ్ఞాపకాలు మళ్లీ తెగకుండా సాగేవరకు దాన్ని లెక్కిస్తారు కాబట్టి, స్పృహ లేని ఆరు రోజులూ అందులోకే వస్తాయి. ఒక రోజు దాటితే తీవ్రమైన గాయమనీ, 7 రోజులు దాటితే అతి తీవ్రమైనదనీ వాడుకలో ఉన్న వర్గీకరణ. ఈ దశ సాగినకొద్దీ శాశ్వతంగా కొంత మరుపు మిగిలే అవకాశం పెరుగుతుంది.

ఇది ఎప్పుడు ముగిసిందో తేల్చడానికి 1979లో వెలువడిన గాల్వెస్టన్ పరీక్షను వాడతారు. ఇవాళ ఏ తేదీ, మీరిప్పుడు ఎక్కడున్నారు, దెబ్బకు ముందు చివరగా ఏం గుర్తుంది, తర్వాత మొట్టమొదట ఏం గుర్తుంది వంటి ప్రశ్నలు రోజూ అడుగుతారు. 100 మార్కులకు 75కు పైగా వరుసగా వస్తుంటేనే ఆ దశ దాటినట్టు. ఒక పూట చక్కగా జవాబు చెప్పాడని సంబరపడిపోకూడదు.

స్కాన్ బాగుందన్న మాటను మాత్రం ఎక్కువగా నమ్ముకోకండి. సీటీ రక్తస్రావాన్ని, ఎముక విరుగుళ్లను బాగా పట్టిస్తుంది. మెదడు ఒక్కసారిగా కుదుపుకు లోనై సన్నని నరపు పోగులు సాగి తెగిన గాయాలు అందులో తరచు కనిపించవు. ఎంఆర్ఐలో కొంత మెరుగ్గా తెలుస్తాయి. స్పృహ ఎంత ఉందో కొలవడానికి మొదటి రోజు వేసే గ్లాస్గో కోమా స్కేలు అంకె కూడా, మత్తుమందులు ఇచ్చి ఉంటే, ఉన్నదానికన్నా తక్కువగా రావచ్చు.

ఒకే వ్యవధి మరుపు ఉన్న ఇద్దరు కూడా ఒకేలా కోలుకోరు. వయసు, చదువు, పాత తల గాయాలు, మద్యం అలవాటు తేడా తెస్తాయి. మెరుగుదల మొదటి ఆరు నెలల్లో వేగంగా ఉండి, ఆ తర్వాత నెమ్మదిగా సాగుతుంది. అందుకే ఈ దశ దాటాక న్యూరోసైకాలజిస్టు (జ్ఞాపకశక్తి, ఆలోచన వంటివి ఎలా ఉన్నాయో పరీక్షించే నిపుణుడు) చేత పరీక్ష చేయించి, కొన్ని నెలల తర్వాత మళ్లీ చేయించి పోల్చాలి. అంతవరకు ఏ రోజు ఏది గుర్తుంచుకున్నాడో ఒక పుస్తకంలో రాసిపెట్టి వైద్యుడికి చూపండి. ప్రమాద క్షణాలు చాలామందికి ఎప్పటికీ గుర్తురావు. అవి మెదడులో నమోదే కాకపోయి ఉండవచ్చు కనుక, వాటి గురించి పదేపదే అడిగి అతన్ని విసిగించకండి.