పాట రాసే అమ్మాయికి డాలీ పార్టన్ దారి

మీ అమ్మాయి గిటార్ నేర్చుకుంటూ సొంతంగా పాటలు కడుతోందని, గాయనిగా అవకాశం రాకపోతే ఆ శ్రమ వృథా అవుతుందేమోనని అడిగారు. అమెరికా పల్లె పాటల నుంచి పుట్టిన కంట్రీ సంగీతంలో గాయని, పాటల రచయిత్రి డాలీ పార్టన్ ప్రస్థానం చూస్తే ఆ బెంగ అక్కరలేదనిపిస్తుంది. టెనెసీ కొండల్లో ఎనిమిదో ఏట మేనమామ ఇచ్చిన గిటార్‌తో సాధన చేసి, 1964లో హైస్కూలు ముగిసిన మర్నాడే కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరం చేరిన ఆమెకు తొలి గుర్తింపు, 1966లో బిల్ ఫిలిప్స్ పాడిన పాటకు సహరచయిత్రిగానే దక్కింది.

అంతకన్నా ముఖ్యమైనది హక్కుల సంగతి. తన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ను ప్రఖ్యాత గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పాడాలంటే, పాటపై రాబడి తెచ్చే ప్రచురణ హక్కుల్లో సగమివ్వాలని ఆయన మేనేజరు కోరగా, బాధపడుతూనే ఆమె నిరాకరించారు, 1992లో గాయని విట్నీ హ్యూస్టన్ పాడగా ఆ పాట పెద్ద హిట్టయి, హక్కులు తన దగ్గరే ఉంచుకున్న ఆ నిర్ణయం విలువ తెలిసివచ్చింది. కనుక అమ్మాయి పాటలన్నీ తేదీలతో రాసిపెట్టించండి, హక్కులు వదులుకునే ఏ పత్రంపైనా తొందరపడి సంతకం చేయించకండి.